డి విటమిన్, జన్యువులు, కీళ్ళవాతం: మా కౌంటర్ దగ్గర రోజూ వినబడే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. నల్గొండ జిల్లా దేవరకొండలో పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. నొప్పుల గోలీల కోసం వచ్చేవాళ్ళ చేతిలో ఈమధ్య ఒక ల్యాబ్ రిపోర్టు కూడా ఉంటోంది. ‘విటమిన్ డి తక్కువ’ అన్న లైను కింద పెన్నుతో గీత గీసి ఉంటుంది. ‘అన్నా, దీనివల్లనేనా నా కీళ్ళు?’ అని అడుగుతారు.

ఈ ప్రశ్న మా ఇంట్లోదే. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్ళవాతం. ఆ సంగతి తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఆమె పుట్టిల్లు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు కాబట్టి చూసినవాళ్ళంతా ‘ఫ్లోరైడ్ నొప్పులే’ అన్నారు. తర్వాత రక్తంలో డి తక్కువని తేలింది, ఇక కారణం దొరికిందనుకున్నాం. డి పొడి ప్యాకెట్లు మా షాపు నుంచి ఇంటికి తీసుకెళ్ళింది నేనే. ఇప్పుడు అమ్మ కుడిచేతి వేళ్ళు పక్కకి ఒరిగిపోయాయి, మళ్ళీ నిటారు కావు. ఆ మూడేళ్ళు ఇంకో ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను.

డి విటమిన్ తక్కువైతే కీళ్ళవాతం వస్తుందా?

తక్కువగా ఉండటం వల్లనే వస్తుందని ఇప్పటివరకు ఎవరూ రుజువు చేయలేదు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో డి తక్కువగా కనబడటం మాత్రం నిజం. ఈ రెండు మాటలకీ తేడా ఉంది.

ఒంట్లో వాపు (ఇన్ఫ్లమేషన్) ఎక్కువగా ఉన్నప్పుడు రక్తంలో డి కొలత దానంతటదే పడిపోతుంది. పైగా కీళ్ళు నొప్పిగా ఉన్న మనిషి బయటికి పోవడం తగ్గిస్తాడు, ఎండ తగలదు, అలా ఇంకా తగ్గుతుంది. అంటే జబ్బు ముందు వచ్చి, డి తర్వాత తగ్గి ఉండొచ్చు. రిపోర్టు చూసి ఏది ముందు, ఏది వెనక అని చెప్పలేం.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. అమెరికాలో అయోవా రాష్ట్రపు మహిళల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. డి ఎక్కువ తీసుకున్నవాళ్ళకి రుమటాయిడ్ తక్కువగా వచ్చిందని అందులో కనబడింది. అదే దేశంలో నర్సులను గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. అందులో అలాంటి సంబంధమేదీ దొరకలేదు.

కీళ్ళ నొప్పులన్నీ ఒకటే కాదా?

కాదు. మన జిల్లాలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు ఒకే నొప్పిలా కనబడతాయి.

మొదటిది అరుగుదల. జనం ‘మోకాళ్ళలో గుజ్జు పోయింది’ అంటారు. వయసు, బరువు, పాత దెబ్బలు, ఏళ్ళ తరబడి గొంతుక్కూచుని చేసే పని దీనికి కారణాలు. నడిస్తే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున కాస్త బిగుసుకున్నా పావుగంటా అరగంటలో వదిలేస్తుంది.

రెండోది రుమటాయిడ్. ఇది అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. ఎక్కువగా వేళ్ళ మొదళ్ళు, మణికట్లు, పాదాల చిన్న కీళ్ళు, అదీ రెండు వైపులా వాస్తాయి. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి గంటకి పైగా అలాగే ఉంటాయి. చీర కుచ్చిళ్ళు పట్టుకోలేరు, చపాతీ పిండి పిసకలేరు. విశ్రాంతి తీసుకుంటే తగ్గకపోగా పెరుగుతుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన సర్వేలో (1993) పెద్దవాళ్ళలో 0.75 శాతం మందికి ఉందని తేలింది. అంటే వెయ్యిమందిలో ఏడెనిమిది మంది.

మూడోది ఎముకలు మెత్తబడటం, డాక్టర్ల మాటలో ఆస్టియోమలేసియా. డి లోపం నేరుగా తెచ్చే జబ్బు ఇదే. ఇందులో నొప్పి కీలులో కాదు, ఎముకలో ఉంటుంది. తొడలు, తుంటి బలహీనమై కింద కూర్చున్న మనిషి చేతులు ఊనకుండా లేవలేదు. నడక బాతు నడకలా ఊగుతుంది. కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కితే నొప్పి పుడుతుంది. డి ఇస్తే కొన్ని నెలల్లో తేలికపడేది ఈ జబ్బే. దీనికి పనిచేసిన ప్యాకెట్టు పక్కింటివాళ్ళ రుమటాయిడ్‌కీ పనిచేస్తుందని అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

నాలుగోది ఎముకల ఫ్లోరోసిస్. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు వాళ్ళకి నేను వివరించక్కర్లేదు. మెడ, నడుము తిరగవు, వెన్ను వంగిపోతుంది, మోచేతులు పూర్తిగా చాపలేరు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మన పాత బోర్లు చాలా దాన్ని ఎప్పుడో దాటేశాయి. మిషన్ భగీరథ కృష్ణా నీళ్ళు వచ్చినా, ఎముకలో ఒకసారి చేరిన ఫ్లోరైడ్ బయటికి పోవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే పెద్దవాళ్ళలో ఆ నొప్పులు ఇంకా ఉన్నాయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనబడుతుంది. దీన్ని పోల్చుకోవడానికి అది మంచి గుర్తు.

ఈ నాలుగింటిలో రెండు ఒకే మనిషికి ఉండకూడదని లేదు. ఫ్లోరైడ్ ఊళ్ళో పుట్టినంత మాత్రాన రుమటాయిడ్ రాదని ఎవరు చెప్పారు? మా అమ్మ విషయంలో మేమెవ్వరం ఆ ప్రశ్న వేసుకోలేదు. ఇవి కాక చికున్‌గున్యా జ్వరం తర్వాత నెలల తరబడి ఉండే నొప్పులు వేరే ఉన్నాయి. ఈమధ్య జ్వరం వచ్చిందా అన్నది డాక్టరుకి తప్పక చెప్పండి.

ఫ్లోరైడ్‌కీ డి విటమిన్‌కీ సంబంధం ఉందా?

ఉంది, కాల్షియం ద్వారా. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి కావాలి. తిండిలో కాల్షియం తక్కువై, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక రెండు వైపుల నుంచీ దెబ్బతింటుంది. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే దీని గురించి రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి తాకే వంకర కాళ్ళ కేసులను వాళ్ళు బయటి ప్రపంచానికి చూపించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. టాంజానియాలోనూ ఆ పేరుతోనే తెలుసు. మన జిల్లా పేరు అంత దూరం పోయింది ఈ బాధ వల్ల.

ఇంత ఎండ ఉన్న ఊళ్ళో మనకి డి ఎందుకు తక్కువ?

ఎండ ఉండటం వేరు, చర్మానికి తగలడం వేరు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాకల్లో నేతపని వాళ్ళు పొద్దంతా గుంట మగ్గంలోనే ఉంటారు. పత్తి ఏరే ఆడవాళ్ళు ఎండలోనే ఉన్నా, చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకి తువ్వాల చుట్టుకుని, ముఖం తప్ప ఒళ్ళంతా కప్పుకుంటారు. వాళ్ళని తప్పుపట్టలేం, మే నెల ఎండలో వేరే దారి లేదు.

చర్మంలో నలుపు ఎక్కువున్నవాళ్ళకి అంతే డి తయారవడానికి ఎక్కువసేపు ఎండ కావాలి. వయసు పెరిగితే చర్మం తయారు చేయడమూ తగ్గుతుంది. కిటికీ అద్దం వెనక ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు, డి తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. తిరుపతిలో జరిగిన పరిశోధనల్లో పల్లె వాళ్ళలోనూ డి తక్కువగా కనబడింది.

ఇందులో జన్యువుల పాత్ర ఏంటి?

సాగర్ నీళ్ళు పొలానికి చేరే దారి ఊహించుకోండి. డ్యాంలో నీళ్ళుంటే చాలదు. కాలువ బాగుండాలి, తూము సరిగా తెరుచుకోవాలి. డి కూడా అంతే. ఎండకి చర్మంలో తయారవుతుంది, కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఇంకోసారి మారి పనికొచ్చే రూపం తెచ్చుకుంటుంది. రక్తంలో దాన్ని మోసుకుపోయే ప్రోటీన్ ఒకటి ఉంది, అది కాలువ. కణం లోపల దాన్ని అందుకునే రిసెప్టర్ ఉంది, అది తూము. ఒక్కో మెట్టుకీ ఒక్కో జన్యువు ఉంది.

ఆ జన్యువుల్లో మనిషికీ మనిషికీ చిన్న చిన్న అక్షర తేడాలుంటాయి. సుమారు 34 వేల మంది యూరప్ మూలాల వాళ్ళ జన్యువులు చూసిన పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. మోసుకుపోయే ప్రోటీన్ జన్యువు జీసీ, చర్మంలో ముడిసరుకుని అదుపు చేసే డీహెచ్‌సీఆర్7, కాలేయంలో పనిచేసే సీవైపీ2ఆర్1 ముఖ్యమని అందులో తేలింది. ఇలాంటి తేడాలు ఎక్కువగా పేరుకున్నవాళ్ళకి లోపం ఉండే అవకాశం, తక్కువున్నవాళ్ళతో పోలిస్తే, రెండు రెట్ల పైమాటే. అందుకే ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, ఒకే చేలో పనిచేసే అక్కాచెల్లెళ్ళ రిపోర్టులు వేర్వేరుగా రావొచ్చు. అయినా మొత్తం జనంలో కనబడే హెచ్చుతగ్గుల్లో ఈ జన్యువుల వాటా కొద్దిదే. ఎండ, బట్ట, తిండి, బరువు వాటాయే పెద్దది.

రిసెప్టర్ జన్యువు పేరు వీడీఆర్. రక్షణ కణాల్లో కూడా ఈ రిసెప్టర్ ఉంటుంది కాబట్టి దీని మీద చాలా ఆశ పెట్టుకున్నారు. ఫోక్1, టాక్1 లాంటి పేర్లతో దీనిలోని తేడాలను చాలా దేశాల్లో పరీక్షించారు. ఒకచోట రుమటాయిడ్‌తో సంబంధం కనబడింది, ఇంకోచోట కనబడలేదు. చాలావరకు చిన్న అధ్యయనాలు. వాటిని పట్టుకుని ఒక మనిషి భవిష్యత్తు చెప్పడం నాకు సబబనిపించదు.

జన్యువుల వల్ల పుట్టుకతోనే డి తక్కువున్నవాళ్ళకి రుమటాయిడ్ ఎక్కువ వస్తుందా?

ఇది చాలా మంచి ప్రశ్న. ముందు చెప్పిన ‘ఏది ముందు, ఏది వెనక’ చిక్కుముడి విప్పేది ఇదే. తల్లిదండ్రుల నుంచి ఏ జన్యువు వస్తుందో చీటీ తీసినట్టే, మన చేతిలో లేదు. రేపు జబ్బు వచ్చినా, ఎండలోకి పోవడం మానేసినా ఆ చీటీ మారదు. కాబట్టి డి తక్కువవడమే జబ్బుకి కారణమైతే, తక్కువ చీటీ వచ్చినవాళ్ళలో జబ్బు ఎక్కువ కనబడాలి.

ఈ లెక్కతో చేసిన అధ్యయనాల్లో రుమటాయిడ్ విషయంలో అలాంటి తేడా కనబడలేదు. ఇవి ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ళ మీద చేసినవన్నది గుర్తుంచుకోవాలి. కానీ నా ఆలోచన మార్చింది మాత్రం ఈ ఫలితమే.

మా అమ్మకి ఉంది. నాకూ వస్తుందా?

మా చెల్లె నన్ను ఇదే అడిగింది. అమ్మానాన్నలకో తోబుట్టువులకో రుమటాయిడ్ ఉంటే మనకి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే సుమారు మూడు రెట్లు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ నూటికి ఒక్కరికి కూడా రాని జబ్బు మూడు రెట్లయినా, ఎక్కువమందికి రాదనే అర్థం. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి కూడా వచ్చింది సుమారు 15 శాతం జంటల్లోనే.

రుమటాయిడ్‌కి అన్నిటికంటే ఎక్కువ సంబంధమున్న జన్యువు వీడీఆర్ కాదు, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1. దానిలోని కొన్ని రకాలున్నవాళ్ళు పొగ తాగితే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మిగతావాళ్ళు వెంటనే చేయదగ్గ పని బీడీ, సిగరెట్టు మానేయడం. జన్యువును మార్చలేం, దీన్ని మార్చగలం.

మాది మేనరికం. పిల్లలకి కీళ్ళ జబ్బు వస్తుందా?

రుమటాయిడ్ అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి వచ్చేది. కాబట్టి మేనరికం వల్లే వచ్చిందని చెప్పలేం. కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే అరుదైన జబ్బులు కొన్ని ఉన్నాయి. మేనరికంలో వాటి అవకాశం పెరుగుతుంది. వాటిలో రెండు మన విషయానికి దగ్గరివి.

ఒకటి, డి ఇచ్చినా లొంగని రికెట్స్, అంటే పిల్లల ఎముకలు మెత్తబడే జబ్బు. వీడీఆర్ జన్యువే చెడిపోతే వస్తుంది. కాళ్ళు వంకర పోతాయి, కొందరు పిల్లలకి తల మీద, ఒంటి మీద జుట్టే ఉండదు. మామూలు డి మోతాదులతో ఇది తగ్గదు.

రెండోది, మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో మొదలయ్యే ఒక ఎముకల జబ్బు. దీని పేరు ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా. వేలి కణుపులు లావెక్కుతాయి, నడక కష్టమవుతుంది, అచ్చం పిల్లల కీళ్ళవాతంలా ఉంటుంది. కానీ లోపల వాపు ఉండదు, ఆ వాపుని చూపే రక్త పరీక్ష ఈఎస్‌ఆర్ మామూలుగానే వస్తుంది. దీన్ని పోల్చుకోక పసిపిల్లలకి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు, రుమటాయిడ్ మందైన మెథోట్రెక్సేట్ ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ మందులు ఇందులో పనిచేయవు. మేనరికపు ఇంట్లో పిల్లలకి వేళ్ళు లావెక్కుతుంటే, రక్త పరీక్షలు మామూలుగా వస్తుంటే, హైదరాబాద్ నిమ్స్‌లోని జన్యు వైద్య విభాగం లాంటి చోట ఒకసారి చూపించండి. తల్లిదండ్రులు తమని తాము నిందించుకోవద్దు. రెండోసారి గర్భం దాల్చే ముందు సలహా తీసుకోవడానికి కూడా ఆ పరీక్ష పనికొస్తుంది.

డి గోలీలు వేసుకుంటే రుమటాయిడ్ రాకుండా ఆపొచ్చా?

ఆశ కలిగించే ఫలితం ఒకటుంది. వైటల్ అనే అమెరికా ప్రయోగం అది, 2022లో వెలువడింది. 25,871 మందిని రెండుగా చేసి, ఒక సగానికి రోజూ 2,000 యూనిట్ల డి, ఇంకో సగానికి ఉత్తి గోలీ ఇచ్చారు. ఐదేళ్ళకి పైగా చూశారు. రక్షణ వ్యవస్థ తిరగబడే జబ్బులన్నీ కలిపి డి వేసుకున్నవాళ్ళలో 123 మందికి, వేసుకోనివాళ్ళలో 155 మందికి వచ్చాయి. అంటే 22 శాతం తక్కువ.

కానీ వాళ్ళంతా యాభై దాటినవాళ్ళు. రుమటాయిడ్‌ని విడిగా చూస్తే సంఖ్య చాలా చిన్నది. గోలీలు ఆపేసిన రెండేళ్ళకి ఆ తేడా నిలవలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. ఇది నివారణ గురించిన మాట. ఇప్పటికే చేతులు వాచినవాళ్ళకి డి మందు అని ఇందులో ఎక్కడా లేదు.

మోకాళ్ళ గుజ్జుకైనా పనిచేస్తుందా?

రెండు మంచి ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో 146 మంది మీద (2013), ఆస్ట్రేలియాలో 413 మంది మీద (2016), రెండేళ్ళ చొప్పున. నొప్పిలో గానీ గుజ్జు మందంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామం దీనికంటే మేలు.

ఎంత ఉండాలి? ఎంత వేసుకోవాలి?

రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాములుంటే ఎముకలకి చాలని చాలామంది నిపుణుల మాట. 12 కంటే తక్కువైతే కచ్చితంగా లోపమే. ల్యాబ్ కాగితం మీద 30 కంటే తక్కువ అన్నిటికీ ‘తక్కువ’ అని వస్తుంది కాబట్టి 24 చూసి టెన్షన్ పడకండి.

పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు సరిపోతాయని మన దేశపు సిఫార్సు. లోపమున్నవాళ్ళకి డాక్టర్లు సాధారణంగా 60,000 యూనిట్ల ప్యాకెట్టు వారానికొకటి, ఎనిమిది వారాలు రాస్తారు. మా షాపుకి వచ్చే ఒకాయన దాన్ని రోజుకొకటి చొప్పున నెలన్నర వేసుకున్నాడు. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, చివరికి మాట తడబాటు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ప్యాకెట్టు మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాసిస్తున్నాను. ‘బలానికి’ అని నెలనెలా డి సూది వేయించుకోవడం కూడా మానండి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఎండలో ఎప్పుడు నిలబడాలి?

నీడ చూసుకోండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే డి బాగా తయారవుతుంది. మన దగ్గర డిసెంబర్లో అది పదకొండు దగ్గర పడ్డాకే వస్తుంది, మే నెలలో తొమ్మిదికే వస్తుంది. కాబట్టి ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం దాకా ఆగక్కర్లేదు, వడదెబ్బ తెచ్చుకోవద్దు. చేతులు, కాళ్ళు బయటికి ఉంచి, వారంలో మూడు నాలుగు రోజులు ఇరవై నిమిషాల నుంచి అరగంట. మగ్గం నేసేవాళ్ళు నూలు సిద్ధం చేసే పనేదైనా వాకిట్లో పెట్టుకుంటే ఇది తేలిక.

తిండితో వస్తుందా?

డి పెద్దగా రాదు. గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్ల దాకా ఉంటుంది, చేపల్లో కొంత. ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలు, నూనెల్లో కలిపి ఉంటుంది. కాల్షియానికి మాత్రం మన రాగులు, నువ్వులు, పాలు, పెరుగు ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది.

డబ్బులు పెట్టి జీన్ టెస్టు చేయించుకోవాలా?

డి కోసం, రుమటాయిడ్ కోసం అయితే వద్దు. వీడీఆర్ రిపోర్టు ఏం చెప్పినా మీ మందు మారదు. ఆ డబ్బుతో రుమటాయిడ్‌ని పోల్చుకోవడానికి పనికొచ్చే రక్త పరీక్షలు యాంటీ సీసీపీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించుకోవచ్చు. నలభై లోపు వయసులో తెల్లవారుజామున నడుము పట్టేసి, నడిస్తే వదిలే నొప్పి ఉంటే డాక్టరు హెచ్‌ఎల్‌ఏ-బీ27 రాస్తారు. అది వెన్నెముకకి వచ్చే వేరే కీళ్ళ జబ్బుకి, పనికొచ్చే పరీక్షే.

రుమటాయిడ్ మందులు వాడుతున్నాను. డి కూడా కావాలా?

స్టెరాయిడ్ గోలీలు నెలల తరబడి వాడేవాళ్ళకి ఎముక పలచబడుతుంది కాబట్టి కాల్షియం, డి అవసరమే. ఊళ్ళో ఎవరో ఇచ్చిన, పేరు లేని పొట్లం మందు రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించండి.

ఇంకో మాట, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డి ప్యాకెట్టూ వారానికొకటే, ఇదీ వారానికొకటే. వేర్వేరు రోజులు పెట్టుకుని క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ఈ మందు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడాలి.

ఎప్పుడు, ఎక్కడికి పోవాలి? ఏం తీసుకెళ్ళాలి?

చిన్న కీళ్ళు వాచి ఆరు వారాలు దాటితే, పొద్దున బిగుసుకోవడం అరగంట మించితే, డి కోర్సు పూర్తయ్యేదాకా ఆగకండి. రుమటాయిడ్‌కి మొదటి కొన్ని నెలల్లో మందు మొదలుపెడితే కీలు నిలుస్తుంది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ వాళ్ళకి చూపించండి. కీళ్ళవాతపు ప్రత్యేక విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది.

పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, వాడిన మందుల ఖాళీ అట్టలు అన్నీ పట్టుకెళ్ళండి. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్ళు తాగారో చెప్పండి. వాపు ఉన్నరోజే చేతుల ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, డాక్టరు దగ్గరికి పోయిన రోజు అది తగ్గి ఉండొచ్చు. వారం రోజులపాటు పొద్దున చేతులు ఎన్నింటికి వదిలాయో రాయండి. మా అమ్మ పాల లెక్క రాసే క్యాలెండరు మీదే, లీటర్ల పక్కన రాసింది: ఏడుంబావు, ఎనిమిది, ఏడున్నర. డాక్టరు రిపోర్టులన్నీ పక్కన పెట్టి ముందు ఆ కాగితమే చూశారు.